ఉబుంటు 20.04 మీద ఉన్నవాళ్ళం: ఉన్నదాన్నే అప్‌గ్రేడ్ చేయాలా, తుడిచి కొత్తగా వేసుకోవాలా?

గుణుపురం డీటీపీ:
అందరికీ నమస్కారం. గుణుపురంలో నాకు చిన్న డీటీపీ, ఆన్‌లైన్ సెంటరు ఉంది. మూడు సిస్టమ్‌లు, మూడింటిలోనూ లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 20.04. తెలుగులో పెళ్ళికార్డులు, ఒడియాలో దరఖాస్తులు, అప్పుడప్పుడు సవర భాష రాసే సొర సొంపెంగ్ లిపిలో కరపత్రాలు. ఇదే మా ఇంటికి ఆధారం.

20.04కి మామూలు అప్‌డేట్లు 2025 మే నెలతో ఆగిపోయాయి. అందుకని పోయిన ఆదివారం రాత్రి ఒక సిస్టమ్‌ని 22.04కి అప్‌గ్రేడ్ పెట్టాను. ప్యాకేజీలన్నీ దిగి, ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి. అప్పుడు కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ పాతది, నాలుగు నిమిషాలు కూడా ఆగలేదు. తిరిగి ఆన్ చేస్తే నల్లతెర మీద కెర్నల్ పానిక్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ ఆగిపోయిందని), రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ కావడం లేదని, చివర అన్‌నోన్ బ్లాక్ సున్నా, సున్నా అని. పొద్దున్నే ఒక పెళ్ళివారికి ప్రూఫ్ ఇవ్వాలి, ఆ ఫైలు అందులోనే ఉంది.

నావి రెండు ప్రశ్నలు. దీన్ని బతికించడం ఎలా? మిగిలిన రెండింటినీ ఇలాగే అప్‌గ్రేడ్ చేయాలా, లేక తుడిచి 24.04 కొత్తగా వేసుకోవాలా?

రాయగడ సర్వర్:
ముందు మొదటిదాని సంగతి. కంగారు పడకండి, డిస్కు తుడవకండి. మీ ఫైళ్ళకేమీ కాలేదు. కొత్త కెర్నల్ /బూట్‌లోకి వచ్చింది గానీ, దానికి తోడుగా ఉండాల్సిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారయ్యేలోపే కరెంటు పోయింది. అది లేకపోతే కెర్నల్‌కి మీ డిస్కు కనిపించే దారి లేదు. సున్నా, సున్నా అంటే అదే.

ఆన్ చేస్తూనే ఎస్కేప్ నొక్కండి, పాత బయోస్ సిస్టమ్ అయితే షిఫ్ట్ పట్టుకోండి. గ్రబ్ (దేనితో లేవాలో ఎంచుకునే) మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే పాత కెర్నల్ ఇంకా ఉంటుంది, 5తో మొదలయ్యే నంబరు. దాని రికవరీ మోడ్‌తో లేపి, రూట్ షెల్‌లోకి వెళ్ళండి. డిస్కు రాయడానికి వీల్లేకుండా ఉంటే రీడ్-రైట్‌గా రీమౌంట్ చేయండి. తర్వాత డీపీకేజీ కాన్ఫిగర్ ఆల్ నడపండి, సగంలో ఆగిన ప్యాకేజీలు అక్కడినుంచి అందుకుంటాయి. దాని తర్వాత ఆప్ట్ ఫిక్స్ బ్రోకెన్. అది నెట్ అడిగితే ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టండి. చివర్లో అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అన్ని కెర్నళ్ళకీ, అప్‌డేట్ గ్రబ్. రీబూట్.

మధ్యలో /బూట్‌లో చోటు లేదు అంటే పాత కెర్నళ్ళు పేరుకున్నాయన్నమాట. ఒక్కటి ఉంచి మిగతావి తీసేయండి. మీరిప్పుడు ఎక్కి ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

గుణుపురం డీటీపీ:
లేచిందండీ! రెండోసారికి డీపీకేజీ ఆగకుండా చివరిదాకా వెళ్ళింది. పదకొండింటికి ప్రూఫ్ కూడా ఇచ్చేశాను. మీ మేలు మరచిపోను. ఇక రెండో ప్రశ్న మిగిలింది.

జయపురం రిపేర్ షాపు:
నా మాట సూటిగా చెప్తాను. తుడిచి కొత్తగా వేయండి. 20.04 నుంచి 24.04కి ఒక్కసారిగా దూకనివ్వదు, 22.04 మీదుగానే వెళ్ళాలి. అంటే మొన్న పడ్డ గండం ఒక్కో మెషీన్‌కి రెండుసార్లు. అదే కొత్తగా వేస్తే ఎస్‌ఎస్‌డీ మీద అరగంటలో పని అయిపోతుంది. మధ్యలో కరెంటు పోయినా మళ్ళీ మొదలుపెట్టుకుంటాం, పోయేదేమీ లేదు.

ఐదేళ్ళుగా వాడుతున్న సిస్టమ్‌లో ఏమేం చేరాయో ఎవరికీ తెలియదు. ఎప్పుడో ఎవరో చెప్పారని కలిపిన పీపీఏలు (బయటివాళ్ళ ప్యాకేజీ మూలాలు), బయటినుంచి తెచ్చిన డెబ్ ప్యాకేజీ ఫైళ్ళు. అప్‌గ్రేడ్ వాటి మూలాలను ఆపేస్తుంది గానీ ఎక్కిన ప్యాకేజీలను అలాగే వదిలేస్తుంది. తర్వాత ఒకదానికొకటి పడక, నా షాపుకొస్తాయి.

ఒకటి మాత్రం తప్పకుండా చేయండి. ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) దించాక షా256 (ఫైలు సరిగ్గా దిగిందో లేదో చెప్పే సంఖ్య) సరిచూడండి. ఇన్‌స్టాల్ సగంలో చచ్చిందని నా దగ్గరికి తెచ్చినవాటిలో ఎక్కువ శాతం తప్పు పెన్‌డ్రైవ్‌దో, సగం దిగిన ఫైలుదో.

రాయగడ సర్వర్:
అన్నా, మీ అనుభవాన్ని కాదనను. కానీ అరగంట అన్న లెక్క దగ్గరే నాకు పేచీ. అరగంటలో ఉబుంటు ఎక్కుతుంది, ఆయన సెంటరు ఎక్కదు. ప్రింటరు, స్కానరు, తెలుగు కీబోర్డు, ఒడియా కీబోర్డు, ఫాంట్లు, బిల్లింగ్, రాత్రి బ్యాకప్‌కి పెట్టిన క్రాన్ (టైముకి తనంతట నడిచే పని). ఇవన్నీ ఒక్కరోజులో అమర్చుకున్నవి కావు. సిస్టమ్‌లో మనం చేసిన మార్పుల్లో సగం మనకే గుర్తుండవు. కౌంటరు ముందు మనిషి నిలబడ్డప్పుడే ఒక్కొక్కటీ బయటపడతాయి. హెచ్‌పీ లేజర్ ప్రింటర్లలో కొన్నిటికి హెచ్‌పీలిప్ (హెచ్‌పీ ప్రింటర్ల డ్రైవరు) వెర్షన్ మారగానే ప్లగిన్ మళ్ళీ దించుకోవాలని ఎంతమందికి తెలుసు? తెలియనివాడు ప్రింటరే పోయిందనుకుంటాడు.

నేను ఒక ఫ్యాక్టరీలో సర్వర్లు చూస్తాను. డూ-రిలీజ్-అప్‌గ్రేడ్ (అప్‌గ్రేడ్ నడిపే ఆదేశం) కాన్ఫిగ్ ఫైళ్ళ దగ్గర ఆగి, నీది ఉంచనా, కొత్తది పెట్టనా అని అడుగుతుంది. ఆ ప్రశ్న అడగడమే దాని విలువ. కొత్త ఇన్‌స్టాల్ మనల్ని అడగదు. మొన్న జరిగింది అప్‌గ్రేడ్ తప్పు కాదు, బ్యాటరీ తప్పు.

జయపురం రిపేర్ షాపు:
తమ్ముడూ, మీ సర్వర్‌గదిలో జనరేటరు ఉంది. గుణుపురం సెంటర్లో లేదు. తేడా అక్కడుంది. ఇంకో సంగతి, ఆయన బిల్లింగ్ పీహెచ్‌పీ భాషలో రాసిందైతే, దాని వెర్షన్ 20.04లో 7.4, 22.04లో 8.1, 24.04లో 8.3. ఏ దారిన వెళ్ళినా అది ఆగే అవకాశం ఉంది. ఉన్నదాన్నే అప్‌గ్రేడ్ చేస్తే అన్నీ అలాగే నడుస్తాయన్న నమ్మకం పెట్టకండి.

రాయగడ సర్వర్:
పీహెచ్‌పీ విషయంలో మీరన్నది నిజం. ఒప్పుకుంటున్నాను.

బరంపురం విద్యార్థి:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాది కొత్త ల్యాప్‌టాప్, విండోస్ పక్కన ఉబుంటు వేద్దామంటే ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనిపించడం లేదు. మా ఫ్రెండ్‌దాంట్లో రెండూ ఉన్నాయి గానీ, విండోస్‌లోకి వెళ్ళినప్పుడల్లా గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది.

పర్లాకిమిడి మాస్టారు:
బాబూ, నీ ల్యాప్‌టాప్‌లో డిస్కు ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ పద్ధతిలో ఉండి ఉంటుంది, బయోస్‌లో ఏహెచ్‌సీఐకి మార్చాలి. ఊరికే మార్చేస్తే విండోస్ లేవదు. ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకి వేసే తాళం) ఉందేమో చూసి, రికవరీ కీ కాగితం మీద రాసుకో. విండోస్‌ని సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, ఆ రీస్టార్ట్‌లోనే బయోస్ మార్చు, ఒకసారి సేఫ్ మోడ్‌లో లేచాక మామూలు మోడ్‌కి తిప్పు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపు, లేకపోతే లినక్స్‌నుంచి ఆ డ్రైవ్‌లో ఏమీ రాయలేవు.

గడియారం సంగతి చిన్నదే. లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో గ్రీన్‌విచ్ సమయం రాస్తుంది, విండోస్ దాన్ని మన సమయం అనుకుంటుంది. టైమ్‌డేట్‌సీటీఎల్‌లో సెట్ లోకల్ ఆర్‌టీసీ 1 అని పెట్టమను.

ఇక అసలు చర్చ. మీరిద్దరూ ఒకే డిస్కు ఉందనుకుని వాదిస్తున్నారు. డీటీపీ గారూ, ఒక ఎస్‌ఎస్‌డీ కొనండి. పాత డిస్కుని క్లోన్‌జిల్లాతో దానిమీదకి అచ్చంగా దించండి. పాతదాన్ని ఊడదీసి బీరువాలో పెట్టండి. అప్‌గ్రేడ్ క్లోన్ మీద చేయండి. కరెంటు పోతే క్లోన్ పోతుంది, మీ సెంటరు పోదు. పాత డిస్కు బిగిస్తే పది నిమిషాల్లో మళ్ళీ పనిలో ఉంటారు.

ఇందులో రెండు జాగ్రత్తలు. కొత్త డిస్కు పాతదానికన్నా పిసరంత చిన్నదైనా మామూలుగా క్లోన్ కాదు. 240 జీబీ అని రాసి ఉన్నవన్నీ ఒకే కొలతలో ఉండవు, అందుకని ఒక మెట్టు పెద్దదే తీసుకోండి. రెండోది దీనికన్నా ముఖ్యం. క్లోన్ అయ్యాక రెండు డిస్కులూ తగిలించి ఉంచి ఆన్ చేయకండి. రెండింటికీ యూయూఐడీ (డిస్కు గుర్తింపు సంఖ్య) ఒకటే. సిస్టమ్ దేన్ని రూట్‌గా పట్టుకుంటుందో చెప్పలేం. కొత్తది అనుకుంటూ పాతదాన్నే అప్‌గ్రేడ్ చేసేస్తారు. మా బడి ల్యాబ్‌లో నాకు అచ్చంగా అదే జరిగింది.

జయపురం రిపేర్ షాపు:
మాస్టారూ, పాత చెత్త కూడా క్లోన్ అవుతుంది కదా? ఆయన ఎలాగూ కొత్త డిస్కు కొంటుంటే, దానిమీద శుభ్రంగా 24.04 వేసి, పాత డిస్కుని యూఎస్‌బీ కేసులో పెట్టి కావలసినవి తెచ్చుకోవచ్చు. అప్పుడు యూయూఐడీ గొడవా ఉండదు. ఈసారి /హోమ్‌కి, అంటే మన ఫైళ్ళు, సెట్టింగులు ఉండేచోటికి, వేరే పార్టిషన్ ఇస్తే, మళ్ళీ వేసేటప్పుడు దానికి ఫార్మాట్ టిక్ పెట్టకుండా ఉంటే చాలు, పనంతా ఉన్నచోటే ఉంటుంది.

పర్లాకిమిడి మాస్టారు:
అదీ మంచిదే. ఏవి కావాలో తెలిసినవాళ్ళకి.

గుణుపురం డీటీపీ:
మూడు వారాలైంది. రెండు ఎస్‌ఎస్‌డీలు కొని, రెండు దారులూ చూశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఇలాంటి పనిలో ఉన్నవాళ్ళకి పనికొస్తుంది.

రెండో సిస్టమ్: మాస్టారు చెప్పినట్టు క్లోన్, దానిమీద 22.04, మర్నాడు 24.04. ఈసారి పొద్దున్నే పెట్టాను. రెండూ చివరిదాకా వెళ్ళాయి. ప్రింటరుకి ప్లగిన్ మళ్ళీ దించాను, అంతే. తెలుగు, ఒడియా కీబోర్డులు ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి. బ్రౌజరు దగ్గర దెబ్బ తగిలింది. 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్ (మిగతా సిస్టమ్‌నుంచి వేరుగా ఉంచే ప్యాకేజీ) రూపంలో వస్తోంది. డిజిటల్ సంతకం టోకెన్ మాడ్యూల్ సిస్టమ్ ఫోల్డర్లో ఉంది, స్నాప్ లోపలినుంచి దానికి అందలేదు. మొజిల్లా వాళ్ళ డెబ్ రిపాజిటరీ కలిపి, స్నాప్ తీసేసి, అది వేసుకున్నాక టోకెన్ కనిపించింది.

మూడో సిస్టమ్: జయపురం అన్న చెప్పినట్టు కొత్తగా 24.04, పాత /హోమ్ తెచ్చి పెట్టాను. తెలుగు కీబోర్డు పేరు పైన జాబితాలో కనిపిస్తోంది, నొక్కితే ఇంగ్లీషే పడుతోంది. సెట్టింగు /హోమ్‌తో వచ్చింది గానీ, ఐబస్ ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీ రాలేదు. అది వేస్తే కుదిరింది. పోతన, వేమన ఫాంట్లకి ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా వేయాల్సి వచ్చింది.

ఇక సొర సొంపెంగ్. నన్ను నిజంగా భయపెట్టింది ఇదే. 1936లో మంగేయి గొమాంగో గారు ఆ లిపిని తీర్చిదిద్దితే, యూనికోడ్‌లోకి వచ్చేసరికి 2012 అయింది. ఊళ్ళనుంచి పెద్దవాళ్ళు చేత్తో రాసిన కాగితాలు తెస్తారు, వాళ్ళ ముందే టైపు చేసి చూపిస్తాను. దానికోసం ఎప్పుడో ఒక ఫాంటు /యూఎస్‌ఆర్/షేర్/ఫాంట్స్‌లో పెట్టాను. కీబోర్డుకి ఎక్స్‌కేబీ (కీబోర్డు లేఅవుట్లు ఉండేచోటు)లో ఇండియా సింబల్స్ ఫైలు తెరిచి, నా లేఅవుట్ నేనే రాసుకున్నాను.

కొత్తగా వేసినదాంట్లో ఫాంటూ లేదు, కీబోర్డూ లేదు. అది ఊహించిందే. అప్‌గ్రేడ్ చేసినదాంట్లో ఫాంటు ఉంది, కీబోర్డు లేదు! పెద్దాయన కాగితం పట్టుకుని కూర్చున్నాడు, నా వేళ్ళకింద అక్షరం పడదు. ఆయనకేం చెప్పాలో తోచలేదు. రేపు రమ్మని పంపేశాను.

రాయగడ సర్వర్:
ఇది నేను ముందే చెప్పాల్సింది. నీది ఉంచనా అని అడిగేది /ఈటీసీ (సెట్టింగుల ఫోల్డరు)లోని ఫైళ్ళకే. /యూఎస్‌ఆర్‌లో ప్యాకేజీ తెచ్చిన ఫైలు ప్యాకేజీ సొత్తు. మీరు దిద్దింది ఎక్స్‌కేబీ-డేటా ప్యాకేజీ ఫైలు, కొత్త వెర్షన్ రాగానే అడక్కుండా మీదనుంచి రాసేస్తుంది. ఫాంటు ఏ ప్యాకేజీదీ కాదు, మీరు పెట్టింది, అందుకని దాన్ని ముట్టుకోలేదు. అప్‌గ్రేడ్ అన్నీ కాపాడుతుందన్నట్టు రాశాను, అది సరికాదు.

పాత డిస్కు ఉందిగా. అందులోని ఫైలు తీసి, మీరు రాసిన భాగం మాత్రం హోమ్ ఫోల్డర్లో .కాన్ఫిగ్ కింద ఎక్స్‌కేబీ అని చేసి అక్కడ పెట్టండి. వేలాండ్ (తెర నడిపే వ్యవస్థ)లో అక్కడినుంచే చదువుతుంది. ఫాంట్లు .లోకల్ కింద షేర్, ఫాంట్స్‌లో. అప్పుడు అప్‌గ్రేడ్ అయినా, తుడిచి వేసినా, /హోమ్‌తో పాటు వచ్చేస్తాయి.

జయపురం రిపేర్ షాపు:
నేను మాత్రం మూడో సిస్టమ్ దారే మంచిదంటాను. దేనికి ఏది కావాలో ఇప్పుడు మీకు తెలిసింది, ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి.

గుణుపురం డీటీపీ:
రాశానండీ, ప్యాకేజీల పేర్లతో సహా. లేఅవుట్ కూడా పాత డిస్కులోనుంచి తీసి, తమ్ముడు చెప్పిన చోట పెట్టాను. పెద్దాయన నిన్న మళ్ళీ వచ్చాడు. కరపత్రం మొదటి నాలుగు వరుసలు ఆయన చదువుతుంటే నేను కొట్టాను, రెండు అక్షరాలు ఆయనే దిద్దించాడు. పాత డిస్కులు రెండూ కవర్లో పెట్టి, తారీఖు రాసి బీరువాలో దాచాను. మొదటి సిస్టమ్ ఇంకా 22.04లోనే ఉంది. బరంపురం నుంచి యూపీఎస్ బ్యాటరీ వచ్చాక దాని సంగతి చూస్తాను.