'హైస్కూల్' మార్చాక 'పాఠశాలలో' వెతికితే దొరకడం లేదు

పలకాబలపం:
మా మండలం బడుల చరిత్ర పుస్తకంగా వేస్తున్నాం. పదిమంది టైపు చేసి పంపిన ఫైళ్లు ఒకటిగా కలిపాను. 'హైస్కూల్' అన్నచోటల్లా 'ఉన్నత పాఠశాల' పెట్టమన్నారు. ఫైండ్ అండ్ రీప్లేస్ చేస్తే అన్నీ మారాయి. ఇప్పుడు 'పాఠశాలలో' అని వెతికితే కొన్నిచోట్ల దొరుకుతోంది, కొన్నిచోట్ల కళ్లముందే ఉన్నా దొరకడం లేదు. ఫాంటు మార్చినా అంతే. ప్రెస్‌కి ఇచ్చే గడువు దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

అచ్చుతప్పు:
ఫాంటు జోలికి వెళ్లకండి. కొందరు 'హైస్కూల్లో' అని ఒత్తుతో, కొందరు 'హైస్కూల్‌లో' అని విడిగా టైపు చేసి ఉంటారు. రెండోదాంట్లో ల్ తర్వాత కనబడని అక్షరం ఉంటుంది: జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్‌లో దాని నంబరు 200సి. ఒత్తు పడకుండా ఆపేది అదే. మీరు 'హైస్కూల్' వరకే మార్చారు కాబట్టి అది అక్కడే ఉండిపోయి 'పాఠశాల'కీ 'లో'కీ మధ్య ఇరుక్కుంది. అక్కడ పొల్లు లేదు కనుక దానికి పనీ లేదు, తెరమీద తేడా కూడా కనబడదు. వెతికే ప్రోగ్రాముకి మాత్రం అది వేరే మాట.

దొరకని వాక్యం ఒకటి తీసుకుని పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో రెప్ర్ (repr) అనే ఫంక్షన్‌తో ప్రింట్ చేయండి. తెలుగు మామూలుగానే వస్తుంది, ఇరుక్కున్నది మాత్రం 200సి అని కోడ్ రూపంలో బయటపడుతుంది.

గోదారిగట్టు:
కనబడనివన్నీ ఒకేసారి తీసేస్తే పోతుంది కదండీ?

అచ్చుతప్పు:
దయచేసి ఆ పని చేయొద్దు. 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అవుతుంది, 'ప్రెస్‌కి' 'ప్రెస్కి' అవుతుంది. పుస్తకమంతా ఇలాగే పాడవుతుంది, మళ్లీ ఎక్కడెక్కడ పెట్టాలో ఏ ప్రోగ్రామూ చెప్పలేదు. ఇంగ్లీషు ఫైళ్ల కోసం రాసిన క్లీనింగ్ స్క్రిప్టులు తెలుగు మీద వాడితే జరిగేది ఇదే, నాకు దీనిమీద నిజంగా కోపం. ముందు పొల్లు, తర్వాత హల్లు ఉన్న 200సిని ఉంచండి. మిగతావి తీసేయండి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల వరుసను నమూనాగా ఇచ్చి వెతికే పద్ధతి) ఒక్క దెబ్బకి అయిపోతుంది. బ్యాకప్ మర్చిపోకండి.

వెబ్‌సైట్ల నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే 200బి వేరు. అది జీరో విడ్త్ స్పేస్, మన మాటల మధ్య దాని అవసరం లేదు, నిస్సంకోచంగా తీసేయొచ్చు. పేరులో స్పేస్ ఉన్నా చివరల్లోని స్పేస్‌లు తీసే పైథాన్ స్ట్రిప్ దాన్ని ముట్టుకోదు, విడిగా రీప్లేస్ చేయాల్సిందే.

నిఘంటుప్రియ:
ఇంకొకటి. ఐత్వం ఒకే కోడ్‌గా (0సి48) ఉండొచ్చు, ఎత్వం (0సి46), కింది గుర్తు (0సి56) రెండు ముక్కలుగానూ ఉండొచ్చు. చూడటానికి ఒకటే, పోల్చితే వేరు. అన్ని ఫైళ్లనీ ముందుగా ఎన్ఎఫ్‌సికి (ఇలాంటి ముక్కల్ని ఒకే కోడ్‌గా కలిపే యూనికోడ్ ప్రామాణిక రూపం) మార్చుకుంటే రెండూ ఒకటవుతాయి. ఎన్ఎఫ్‌సి 200సిని కదిలించదు, భయం లేదు.

పలకాబలపం:
రెప్ర్‌లో 200సి కనబడింది! అచ్చుతప్పు గారు చెప్పినట్టు చేశాక 'పాఠశాలలో' అన్నిచోట్లా దొరుకుతోంది. చాలా థాంక్సండీ. అయితే ఎక్సెల్‌లో బడుల పేర్ల పట్టిక ఉంది, అక్కడ ట్రిమ్ (అదనపు స్పేస్‌లు తీసే ఫంక్షన్) చేసినా కొన్ని పేర్లు జతపడటం లేదు.

నిఘంటుప్రియ:
వెబ్ పేజీ నుంచి తెచ్చిన పట్టికైతే అది నాన్ బ్రేకింగ్ స్పేస్ (అక్కడ పంక్తి విరగకుండా ఆపే స్పేస్) కావచ్చు. దాని కోడ్ 160. ట్రిమ్ మామూలు స్పేస్ అయిన 32నే తీస్తుంది, క్లీన్ ఫంక్షన్ 0 నుంచి 31 వరకు ఉన్న కోడ్‌లనే. సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌తో 160ని మామూలు స్పేస్‌గా మార్చి, ఆ తర్వాత ట్రిమ్ చేయండి.