క్లస్టర్‌కు ఏ పేరు రాయాలి: పీక్ ఉన్న ప్రాంతానిదా, ఎక్కువ వాటా ఉన్న ప్రాంతానిదా?

అరసవల్లి (శ్రీకాకుళం):
ఎఫ్ఎంఆర్ఐ (మెదడు పనిచేసేటప్పటి స్కాన్) ఫలితంలో ఎడమ వైపు ఒక క్లస్టర్ (హద్దు దాటిన వోక్సెళ్ల గుంపు) మిగిలింది. 2 మి.మీ. వోక్సెళ్లు (స్కాన్‌లోని చిన్న ఘనాలు) 1,240. ఏఏఎల్ అట్లాస్ (మెదడు ప్రాంతాలకు పేర్లు పెట్టిన మ్యాపు) మీద లెక్కేస్తే 769 ఇన్ఫీరియర్ ఫ్రంటల్‌లో (నుదుటి వైపు మెదడు కింది భాగం), 335 ఇన్సులాలో (పక్కనే మడత లోపల దాగిన భాగం) పడ్డాయి, 136కి ఏ పేరూ లేదు. పీక్ (సిగ్నల్ అన్నిటికన్నా బలంగా ఉన్న వోక్సెల్) మాత్రం ఇన్సులాలో ఉంది. అదే పీక్‌ను హార్వర్డ్-ఆక్స్‌ఫర్డ్ అట్లాస్ ఫ్రంటల్ ఆపర్క్యులం (ఇన్సులాను ముందు వైపు కప్పే భాగం) అంటోంది. పట్టికలో ఏ పేరు రాయాలి?

గంటస్తంభం (విజయనగరం):
పీక్ పేరే రాయండి. టి విలువ (సిగ్నల్ బలానికి కొలత) అన్నిటికన్నా ఎక్కువున్న చోటు అదే. కోఆర్డినేట్ల మీద మెటా-విశ్లేషణ (చాలా అధ్యయనాలను కలిపి లెక్కించడం) చేసేవాళ్లు తీసుకునేదీ పీక్‌నే. వాటాను నమ్మలేం. త్రెషోల్డ్ (వోక్సెల్‌ను లెక్కలోకి తీసుకునే పి విలువ హద్దు) 0.001 నుంచి 0.005కి సడలిస్తే క్లస్టర్ ఉబ్బి పక్క ప్రాంతంలోకి పాకుతుంది, పీక్ ఉన్నచోటే ఉంటుంది.

నాగావళి (శ్రీకాకుళం):
మాస్టారూ, త్రెషోల్డ్ మారిస్తే పీక్ కదలదు, నిజమే. స్మూతింగ్ (పక్క వోక్సెళ్లతో కలిపి బొమ్మను మసకబార్చడం) 6 నుంచి 8 మి.మీ.కి పెంచినా, ఇద్దరు ముగ్గురి స్కాన్లు తీసేసినా కదలొచ్చు. ఇన్సులాకీ ఆపర్క్యులానికీ మధ్య ఉన్నది సన్నటి గాడి. 8 మి.మీ. స్మూతింగ్ ఆ రెండు ఒడ్లనూ కలిపేస్తుంది. ఒక్క వోక్సెల్ ఏ ఒడ్డున పడిందో చూసి మొత్తానికి పేరు పెట్టడం సరికాదు.

మన రాజాం సంగతే చూడండి. 2022 ఏప్రిల్‌కు ముందు మ్యాపులో శ్రీకాకుళం జిల్లా, ఆ తరవాత విజయనగరం జిల్లా. ఊరు కదల్లేదు, గీత కదిలింది. ఏఏఎల్‌ను ఒకే మనిషి మెదడు మీద గీశారు, అతన్ని 27 సార్లు స్కాన్ చేసి సగటు తీసిన బొమ్మ మీద. హార్వర్డ్-ఆక్స్‌ఫర్డ్ 37 మంది మెదళ్ల నుంచి వచ్చింది. పైగా ఇన్సులాను కప్పే ఆపర్క్యులం లోపలి భాగానికి ఏఏఎల్‌లో విడిగా పేరు లేదు. ఆ వోక్సెల్ మామూలుగా ఇన్సులాలోకో ఇన్ఫీరియర్ ఫ్రంటల్‌లోకో పోతుంది. ఇక్కడ అట్లాసుల మధ్య విరోధమేం లేదు, ఒకే చోటుకి రెండు పేర్లు, అంతే.

శాతాల దగ్గర పొరబడడం ఇంకా తేలిక. హార్వర్డ్-ఆక్స్‌ఫర్డ్ "ఆపర్క్యులం 40%" అంటే ఆ 37 మందిలో సుమారు 15 మందికి ఆ చోట ఆపర్క్యులం ఉందని. మీ యాక్టివేషన్‌లో 40% అక్కడుందని కాదు. ఎఫ్ఎస్ఎల్ సాఫ్ట్‌వేర్‌లో అట్లాస్ పేర్లు వెతికే అట్లాస్‌క్వెరీకి క్లస్టర్ మాస్క్ (క్లస్టర్ ఎక్కడుందో చూపే ఫైల్) ఇచ్చినా వచ్చేది సంభావ్యతల సగటే, వోక్సెళ్ల లెక్క కాదు.

వాటా కూడా రెండు వైపులా కట్టాలి. వేరే క్లస్టర్ ఒకటి, 1,240లో 150 వోక్సెళ్లు అమిగ్డలా అనే చిన్న ప్రాంతంలో పడ్డాయనుకోండి. క్లస్టర్ వైపు నుంచి 12%, ఎవరి కంటికీ ఆనదు. అట్లాస్‌లో అమిగ్డలా మొత్తం 220 వోక్సెళ్లే అయితే, ఆ ప్రాంతం 68% నిండిపోయినట్టు.

బొబ్బిలి:
ఇద్దరూ ఒక మెట్టు దాటేశారు. క్లస్టర్ సైజు మీద ఎఫ్‌డబ్ల్యూఈ దిద్దుబాటు (మెదడంతటిలో ఒక్క తప్పుడు పాజిటివ్ అయినా వచ్చే అవకాశాన్ని అదుపులో పెట్టేది) చేస్తే, ఆ పి విలువ చెప్పేది ఒక్కటే: ఈ క్లస్టర్‌లో ఎక్కడో ఒకచోట సిగ్నల్ ఉంది. ఆ 769 వోక్సెళ్లలోనే ఉందనడానికి అది ఆధారం కాదు. క్లస్టర్ పెద్దదయ్యేకొద్దీ చోటు గురించి చెప్పగలిగింది తగ్గిపోతుంది. ఇన్సులా గురించే వాదించాలనుకుంటే డేటా చూడకముందే ఇన్సులా మాస్క్ ఖాయం చేసుకుని అందులో స్మాల్ వాల్యూమ్ కరెక్షన్ (ఆ మాస్క్ వరకే చేసే దిద్దుబాటు) చేయాలి, లేదా పీక్‌ను వోక్సెల్ స్థాయి ఎఫ్‌డబ్ల్యూఈతో నిలబెట్టాలి. ఆల్-రిజల్యూషన్స్ ఇన్ఫరెన్స్ అనే పద్ధతి అయితే ఒక్కో ప్రాంతంలో కనీసం ఎన్ని వోక్సెళ్లు నిజంగా యాక్టివో హద్దు కట్టి చెబుతుంది.

త్రెషోల్డ్ సడలించే ఆలోచన అసలొద్దు. క్లస్టర్ కట్టే త్రెషోల్డ్ 0.01 దగ్గర పెడితే తప్పుడు పాజిటివ్‌లు 5%ని బాగా మించిపోతాయని 2016లో ఎక్లుండ్, నికోల్స్, నట్సన్ చూపించారు.

వంశధార (శ్రీకాకుళం):
ప్రశ్నలో పీక్ కోఆర్డినేట్లు లేవు, ఏ స్పేసో (ఏ ప్రామాణిక మెదడు మీద కొలిచారో) లేదు. ముందు అవి తేలాలి. ఏఎఫ్ఎన్ఐ సాఫ్ట్‌వేర్ మామూలుగా చూపే వరసలో ఎక్స్ ఎడమకు ప్లస్, వై వెనక్కు ప్లస్. ఎస్‌పీఎం సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్ కుడికి ప్లస్, వై ముందుకు ప్లస్. −40ని ఒకదాంట్లోంచి తీసి రెండోదాంట్లో వెతికితే ఎడమ కుడి అవుతుంది.

టలైరాక్ అట్లాస్ 1988 నాటిది, 60 ఏళ్ల ఒక స్త్రీ మెదడు. ఎంఎన్ఐ మెదడు (చాలామంది స్కాన్ల సగటుతో చేసిన ప్రామాణిక బొమ్మ) అంతకన్నా పెద్దది. మార్చకుండా వెతికితే టెంపోరల్ లోబ్ (చెవుల పక్కనుండే భాగం) దగ్గర సెంటీమీటరు దాకా తేడా రావచ్చు. టలైరాక్ అట్లాస్‌లోని బ్రాడ్‌మన్ నంబర్లు (కణాల అమరికను బట్టి ప్రాంతాలకిచ్చే నంబర్లు) కూడా ఆ మెదడును కోసి కణాలు చూసి పెట్టినవి కావు.

అట్లాస్‌ను మీ గ్రిడ్‌కు రీశాంపుల్ చేశారా (మీ వోక్సెళ్ల సైజుకు మార్చారా)? నియరెస్ట్ నైబర్ (అతి దగ్గరి వోక్సెల్ నంబరునే తీసుకునేది) తప్ప ఇంకేదీ వాడొద్దు. 1 నుంచి 116 వరకు వరస నంబర్లున్న ఏఏఎల్ ఫైల్‌లో ఎడమ ఇన్సులా 29, ఇన్ఫీరియర్ ఫ్రంటల్ ట్రయాంగులర్ భాగం 13. ట్రైలీనియర్ (చుట్టుపక్కల నంబర్ల సగటు తీసేది) వాడితే సరిహద్దులో సగటు 21 పుడుతుంది. 21 అంటే ఆల్ఫాక్టరీ, వాసనకు సంబంధించిన వేరే ప్రాంతం. ఆ పేరు మీ పట్టికలో కనిపిస్తే కారణం ఇదే కావచ్చు.

గంటస్తంభం:
బొబ్బిలి గారి మాట ఒప్పుకుంటున్నాను. త్రెషోల్డ్ ఉదాహరణ నేను ఇచ్చి ఉండకూడదు. అయినా పట్టికలో మొదటి గడి పీక్‌దే. ఎస్‌పీఎం ఒక్కో క్లస్టర్‌కు 8 మి.మీ. కన్నా ఎడంగా ఉన్న మూడు పీక్‌లు ఇస్తుంది కదా, మూడూ రాయండి.

నాగావళి:
మొదటి గడి పీక్ కోఆర్డినేట్లకు ఇస్తాను, పీక్ పేరుకు ఇవ్వను. వరస ఇలా ఉండాలి: ఎంఎన్ఐ ఎక్స్, వై, జెడ్, టి విలువ, 9,920 ఘన మి.మీ.; అట్లాస్ పేరు, వెర్షన్; ఇన్ఫీరియర్ ఫ్రంటల్ 62%, ఇన్సులా 27%, పేరు లేనిది 11%. ఆ 11% తీసేసి మిగతాదాన్ని నూరు చేయొద్దు. తెల్లపదార్థంలోకి (నరాల తీగలుండే లోపలి భాగం) ఎంత పాకిందో చదివేవాళ్లకి తెలిసేది దాంతోనే.