అమ్మకాలు పెరిగినా చేతిలో డబ్బు నిలవడం లేదు: అనంతపురంలో చిరుతిళ్ల తయారీ

ప్రశ్న (అనంతపురం నుంచి)

అందరికీ నమస్కారం. నేనూ నా భార్యా కలిసి అనంతపురంలో నిప్పట్లు, మురుకులు తయారుచేసి, పావుకిలో ప్యాకెట్లు కట్టి కొట్లకు సరఫరా చేస్తున్నాం. మొదట్లో ఊళ్లోని కొట్లకే ఇచ్చేవాళ్లం. ఇప్పుడు తాడిపత్రి, ఉరవకొండ, గుంతకల్లుతో పాటు బళ్ళారిలోని నాలుగైదు దుకాణాలకు కూడా మా సరుకు వెళ్తోంది. నెలకు సుమారు 900 కిలోలు అమ్ముడవుతున్నాయి. రుచికి వంక పెట్టినవారు లేరు. అయినా నెలాఖరు వచ్చేసరికి నూనె డబ్బాలు కొనడానికి కూడా చేతిలో డబ్బు ఉండటం లేదు.

మా లెక్క ఇది. కొట్లకు కిలో 180 రూపాయలకు, అంటే ప్యాకెట్టు 45 రూపాయలకు ఇస్తాం. బియ్యప్పిండి, పప్పులు, నువ్వులు, నూనె, కారం అన్నీ కలిపి కిలోకు 112 రూపాయలు పడుతుంది. కిలోకు 68 రూపాయల చొప్పున నెలకు 61,200 రూపాయలు మిగలాలి. పనికి వచ్చే ఇద్దరు ఆడవాళ్లకు రోజుకు 400 రూపాయల చొప్పున నెలకు 26 రోజుల కూలి ఇస్తాం. గ్యాస్‌కు 7,600, షెడ్డు అద్దెకూ కరెంటుకూ కలిపి 7,500, ఆటోకు 9,000 అవుతాయి. కవరు, లేబులు కలిపి ప్యాకెట్టుకు మూడు రూపాయలు. వందకు ఐదు ప్యాకెట్లు మెత్తబడ్డాయనో, నూనె వాసన వస్తోందనో వెనక్కి వస్తాయి.

కొట్ల దగ్గర మాకు రావలసిన బాకీ లక్షన్నర దాటింది. ఇబ్బంది అంతా దానివల్లేనని మా అభిప్రాయం. డైలీ ఫైనాన్స్ నడిపే ఒకాయన 50,000 రూపాయలు ఇస్తానంటున్నారు. ఆ డబ్బు తీసుకుని నెట్టుకురావడం మేలా, లేక అరువు పూర్తిగా ఆపేయడం మేలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (కర్నూలు నుంచి, కిరాణా హోల్‌సేల్ వ్యాపారి)

మీరు సరుకు ఇచ్చేవారు, నేను పుచ్చుకునేవాణ్ణి. కాబట్టి కౌంటరుకు ఇవతలి వైపు సంగతి చెబుతాను. సాయంత్రం గల్లాలో డబ్బు చూసుకున్న కొట్టు యజమాని ముందుగా ఎవరికి చెల్లిస్తాడంటే, బాకీ ఉంటే రేపు సరుకు దించకుండా బండి వెనక్కి తిప్పుకుపోయే పెద్ద కంపెనీ డిస్ట్రిబ్యూటరుకు. ఆ తరువాత పాలవాడికి, ఆ తరువాత చిట్టీకి. ఎంత బాకీ ఉన్నా నవ్వుతూ కొత్త సరుకు దించి వెళ్లే మీలాంటివారు చివరి వరుసలో ఉంటారు. అది దుర్మార్గం కాదు, ఎవరి వల్ల నష్టం తక్కువో చూసుకునే లెక్క మాత్రమే.

అరువు పూర్తిగా ఆపేయమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉంటారు. మన సీమలో అది కుదిరే పని కాదు. 'అరువు రేపు' అని బోర్డు తగిలించిన కొట్టులో కూడా గల్లా కింద అరువు పుస్తకం ఉంటుంది. ఉరవకొండ వంటి చోట కొట్టువాడు పల్లెల రైతులకు జూన్, జూలై విత్తనాల కాలం నుంచి సరుకులు అరువుకు ఇస్తాడు. వేరుశనగ పీకి, కాయలు అమ్ముడై, అక్టోబరు, నవంబరులో డబ్బు చేతికి వస్తే వాళ్లు తీరుస్తారు. వాన తప్పితే ఆ బాకీ మరుసటి ఏడాదికి జరుగుతుంది. అంటే మీరు ఆ కొట్టుకు ఇచ్చిన నిప్పట్ల డబ్బు కూడా, మీకు తెలియకుండానే, వాన మీద ఆధారపడి ఉంది. ఊళ్లోని బేకరీకీ పల్లె మీద బతికే కొట్టుకూ ఒకే పద్ధతిలో అరువు ఇవ్వడం చాలామంది సరఫరాదారులు చేసే పొరపాటు.

నేను చూసినంతలో నిలబడినవారు పాటించేది బిల్లు టు బిల్లు పద్ధతి: పాత బిల్లు డబ్బు చేతికి వచ్చాకే కొత్త సరుకు దించుతారు. దానితో పాటు ఒక్కో కొట్టుకు ఒక పరిమితి పెట్టుకోండి. పల్లె మీద ఆధారపడిన కొట్టుకు ఒక బిల్లుకు మించి బాకీ ఉండనివ్వకండి. ఇప్పటికే పేరుకున్న బాకీని కొత్త లావాదేవీలతో కలపకుండా వేరే పేజీలో రాసి, వారానికి ఇంత అని కొంచెం కొంచెంగా వసూలు చేయండి. మొత్తం ఒకేసారి అడిగితే ఆ కొట్టువాడు మీ సరుకు మానేసి, వేరొకరి ప్యాకెట్లు తెచ్చి పెట్టుకుంటాడు. అప్పుడు బాకీ కూడా పోతుంది.

జవాబు 2 (రాయదుర్గం నుంచి, జీన్స్ కుట్టే యూనిట్ నడిపే మహిళ)

పై జవాబులో అన్న చెప్పినది సరైనదే. అయితే అసలు జబ్బు బాకీలో ఉందని నాకు అనిపించడం లేదు. మా యూనిట్‌లో ఒక ప్యాంటు కుడితే జిప్పు, గుండీ, దారం, కరెంటు, కూలి అన్నీ విడివిడిగా రాసుకుంటాం. పీసుకు రూపాయి తేడా వచ్చినా నెలకు అది పెద్ద మొత్తం అవుతుంది. ఆ అలవాటు కొద్దీ మీ అంకెలను కూడా కాగితం మీద పెట్టి చూశాను.

కిలోకు 68 రూపాయలు 'మిగులుతుంది' అన్నారు కదా. అది ముడిసరుకు పోగా ఉన్నది మాత్రమే, మిగులు కాదు. అందులో నుంచి కూలి 20,800, గ్యాస్ 7,600, కవర్లు 10,800, ఆటో 9,000, అద్దె, కరెంటు 7,500 తీసివేయాలి. ఇవే 55,700 అయ్యాయి. వందకు ఐదు ప్యాకెట్లు వెనక్కి వస్తే 900 కిలోల మీద 45 కిలోలు, అంటే 8,100 రూపాయల సరుకు. దానికి పెట్టిన నూనె, కూలి, ఆటో ఖర్చు తిరిగి రావు కాబట్టి అది కూడా ఖర్చే. అన్నీ కలిపితే 63,800. మీ దగ్గర ఉన్నది 61,200. బాకీలన్నీ రేపు పొద్దునకే వసూలైనా సరే, మీరు నెలకు 2,600 రూపాయల నష్టంలో ఉన్నారు. ఇందులో మీ ఇద్దరి కూలి ఒక్క రూపాయి కూడా లెక్కించలేదు. మరి మీ ఇంటి ఖర్చు ఎక్కడి నుంచి జరుగుతోంది? గల్లాలో నుంచే అయి ఉంటుంది. అది నిజానికి నూనె వ్యాపారికి ఇవ్వవలసిన డబ్బు.

చిన్న వ్యాపారాలలో నేను తరచుగా గమనించేది ఇదే. సొంత మనుషుల శ్రమను, వెనక్కి వచ్చిన సరుకును, బండి ఖర్చును ధరలో కలపరు. ధర తక్కువగా ఉంది కాబట్టి అమ్మకాలు పెరుగుతాయి, అమ్మకాలు పెరిగాయి కాబట్టి వ్యాపారం బాగుందనుకుంటారు. కొత్త ఊరికి బండి వెళ్లిన ప్రతిసారీ నష్టం కూడా వెంట వెళ్తుంది. కాబట్టి ఆటో ఖర్చును ఊరి వారీగా విడదీయండి. తాడిపత్రి లైనుకు ఎంత, గుంతకల్లు లైనుకు ఎంత, ఆ లైనులో ఎన్ని ప్యాకెట్లు దిగాయి, ఎన్ని వెనక్కి వచ్చాయి అని ఒక నెల రాసి చూస్తే ఏ ఊరు మిమ్మల్ని పోషిస్తోందో, ఏ ఊరిని మీరు పోషిస్తున్నారో తెలుస్తుంది. వాపసు వచ్చినవాటిలో విరిగినవి ఎన్ని, మెత్తబడినవి ఎన్ని అని కూడా వేరుచేయండి. మెత్తబడటం సీలు సరిగా పడకపోవడం వల్ల కావచ్చు, వేడి చల్లారకముందే కవరులో పోయడం వల్ల కావచ్చు. విరగడం మాత్రం ఆటోలో పెట్టెలు పేర్చే పద్ధతిలో ఉంటుంది.

డైలీ ఫైనాన్స్ సంగతి. సాధారణంగా 50,000 అని రాసుకుని ముందే 5,000 పట్టుకుని 45,000 చేతికి ఇస్తారు, రోజుకు 500 చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. చూడటానికి వందకు పది రూపాయల వడ్డీలా ఉంటుంది. కానీ అసలు రోజురోజుకూ తగ్గిపోతుంది కాబట్టి, ఏడాది లెక్కన చూస్తే అది 75 శాతం దాటుతుంది. నష్టానికి అమ్ముతూ ఆ వడ్డీ కట్టడం ఎవరి తరమూ కాదు.

జవాబు 3 (కడప నుంచి, పన్నుల లెక్కలు చూసే ఉద్యోగి)

ధర గురించి అక్క చెప్పిన తరువాత నేను చేర్చవలసినది లేదు. ప్రశ్నలో మీరు మాటవరుసకు రాసిన ఒక విషయం మాత్రం నన్ను ఆపింది: బళ్ళారి. ఆంధ్రప్రదేశ్‌లో వస్తువులు అమ్మేవారికి ఏడాది టర్నోవరు (మొత్తం అమ్మకాల విలువ) 40 లక్షలు దాటేవరకు జీఎస్టీ నమోదు అవసరం లేదు. మీ అమ్మకాలు ఏడాదికి 20 లక్షల లోపే ఉన్నాయి. కానీ ఆ మినహాయింపు రాష్ట్రం లోపల జరిగే అమ్మకాలకే. పక్క రాష్ట్రానికి సరుకు పంపితే, అది ఒక్క పెట్టె అయినా, టర్నోవరుతో పని లేకుండా నమోదు తప్పనిసరి. మన జిల్లాల్లో బళ్ళారి, బెంగళూరు, పావగడ పొరుగు ఊళ్లలా కనిపిస్తాయి కాబట్టి ఈ పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. నమోదు లేకుండా పట్టుబడితే జరిమానా పన్ను మొత్తం లేదా 10,000 రూపాయలు, ఏది ఎక్కువైతే అది ఉంటుంది.

పైగా తయారీదారులు టర్నోవరు మీద ఒక శాతం కట్టి సరిపెట్టుకునే కాంపోజిషన్ పద్ధతి కూడా బయటి రాష్ట్రానికి అమ్మేవారికి వర్తించదు. అంటే బళ్ళారిలోని ఆ నాలుగైదు దుకాణాల కోసం మీరు సాధారణ నమోదు తీసుకుని, రిటర్నులు క్రమం తప్పకుండా దాఖలు చేయాలి. ఆ దుకాణాల వల్ల వచ్చే ఆదాయం దానికి సరితూగుతుందా అనేది మీరే నిర్ణయించుకోవాలి. నా దృష్టిలో సరితూగదు.

బాకీల విషయంలో ఒక జాగ్రత్త. సరుకు దించిన తేదీ నుంచి మూడేళ్లు గడిస్తే, కోర్టు ద్వారా వసూలు చేసుకునే హక్కు పోతుంది. ఆ లోపు బాకీదారు 'ఇంత ఇవ్వాలి' అని రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం చేస్తే మూడేళ్ల గడువు ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. కాబట్టి ఏడాదికి ఒకసారి ఖాతా పేజీ కింద ప్రతి కొట్టు యజమాని సంతకం తీసుకోండి. మొహమాటపడవలసిన పని కాదు, ప్రోనోటు కంటే చాలా సున్నితమైన పని. చెక్కు ఇచ్చి అది చెల్లకపోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల లోపు నోటీసు పంపాలి. ఆ గడువు దాటిపోయాక వచ్చి అడిగేవారే మా దగ్గర ఎక్కువ.

చిన్న పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉచితం, అది కూడా చేసుకోండి. మీలాంటి తయారీదారుకు కొనుగోలుదారు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల లోపు చెల్లించాలని చిన్న పరిశ్రమల కోసం చేసిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతుంది. సందు చివరి కొట్టు మీద దాని ప్రభావం అంతగా ఉండదు గానీ, రేపు ఏ సూపర్‌మార్కెట్‌కైనా సరుకు ఇస్తే అక్కడ పనికి వస్తుంది. పెట్టుబడి కావాలంటే హామీ అడగని ముద్ర రుణం ఉంది. శిశు విభాగంలో 50,000 వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు ఇస్తారు. అయితే ధర సరిచేసుకోకుండా బ్యాంకు అప్పు తీసుకున్నా అది నూనె డబ్బాల్లోనే ఖర్చయిపోతుంది.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి ఇద్దరం కూర్చుని అక్క వేసిన లెక్కను మళ్లీ వేశాం. అంకెలు సరిపోయాయి. ఫైనాన్స్ ఆయనకు వద్దని చెప్పేశాం. బళ్ళారికి ఈ వారం నుంచి సరుకు పంపడం లేదు. ఇక ధర పెంచాలి. కానీ ప్యాకెట్టు 45 నుంచి 55 చేస్తే కొట్లవాళ్లు ఒప్పుకునేలా లేరు. అదే 45 రూపాయలకు 250 గ్రాముల బదులు 200 గ్రాములు ఇస్తే కిలోకు 225 వస్తుంది. 900 కిలోల మీద నెలకు 40,000 రూపాయలు అదనంగా వస్తాయని మా అంచనా. ఇది సరైనదేనా?

జవాబు (రాయదుర్గం నుంచి)

ఆలోచన మంచిదే, అంచనా మాత్రం తప్పు. కొట్టువాడు కిలోలు కొనడు, ప్యాకెట్లు కొంటాడు. ఇప్పుడు మీరు అమ్ముతున్నది 3,600 ప్యాకెట్లు. రేపు కూడా 3,600 ప్యాకెట్లే వెళ్తే సరుకు 720 కిలోలే అవుతుంది, వచ్చే డబ్బు అదే 1,62,000. మీకు కలిసివచ్చేది 180 కిలోల ముడిసరుకు, అంటే 20,160 రూపాయలు, దానితో పాటు కొంచెం గ్యాస్. నష్టం 2,600 పూడ్చుకోగా మీ ఇద్దరికీ కలిపి 17,560 మిగులుతుంది. పనికి వచ్చే ఆడవాళ్ల కంటే అది తక్కువ కూలి. మిగిలింది ఆటో ఖర్చులోనూ, వాపసులలోనూ వెతుక్కోవాలి. లైను వారీ లెక్క రాయడం మొదలుపెట్టారా?

జవాబు (కర్నూలు నుంచి)

ఒక చిన్న మాట. తూకం తగ్గించిన సంగతి కొట్లకు ముందే మీ నోటితో చెప్పండి. కొనుక్కున్నవాళ్లు వచ్చి అడిగాక తెలిస్తే కొట్టువాడికి చిన్నతనంగా ఉంటుంది, ఆ కోపం మీ బిల్లు మీద చూపిస్తాడు. 250 గ్రాములు అని అచ్చు వేసిన పాత కవర్లు ఎన్ని మిగిలి ఉన్నా వాటిలో 200 గ్రాములు పోయవద్దు. తూనికలు, కొలతల శాఖవారు తనిఖీకి వస్తే లేబులు మీద ఉన్న తూకాన్నే చూస్తారు. ఆ కవర్లు అయిపోయేవరకు ఊళ్లోని బేకరీలకు పాత తూకంతోనే, 55 రూపాయలకు అడిగి చూడండి. ఒకరిద్దరు ఒప్పుకున్నా మీకు ఆ ధర పలుకుతుందో లేదో తెలుస్తుంది.