రుణమాఫీకి బైబిలులో ఆధారం ఉందా?

గోదారిగట్టు:
లేవీయకాండము 25వ అధ్యాయం ప్రకారం, యాభయ్యో ఏట వచ్చే సునాద సంవత్సరంలో, అమ్ముకున్న పొలం తిరిగి మొదటి కుటుంబానికి చేరాలి. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయం ఏడేళ్లకొకసారి అప్పు విడిచిపెట్టమంటుంది. రుణమాఫీని ఓట్ల కోసం పంచే సొమ్ముగా కొట్టిపారేసేవారు దాని వెనుక ఇంత పాత ధర్మం ఉన్నదని గుర్తించాలని నా వాదన.

నల్లరేగడి:
అదే 15వ అధ్యాయం తొమ్మిదో వచనాన్ని కూడా చూడండి. అప్పు విడిచిపెట్టే ఏడో ఏడు, అంటే విడుదల సంవత్సరం, దగ్గరపడిందని పేదవాడికి అప్పు నిరాకరించవద్దని అది హెచ్చరిస్తుంది. అంటే రద్దు ఖాయమని తెలిస్తే అప్పు పుట్టదన్న సంగతి ఆనాడే తెలుసు. నా దృష్టిలో క్రైస్తవ బోధ సేద్యానికి చేసిన అసలు మేలు పరపతి సంఘం, అంటే సభ్యులకు అప్పులిచ్చే సంఘం. 1846-47 కరువులో పేదలకు ధాన్యం సమకూర్చిన జర్మన్ గ్రామాధికారి రైఫైజన్, పొరుగువారిని ప్రేమించాలన్న బోధను పునాదిగా చేసుకుని, 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో సంఘం బాకీకి సభ్యులందరూ పూచీ పడే పద్ధతిని నెలకొల్పాడు. మద్రాసు ప్రభుత్వం కోరగా అధికారి ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897లలో ఇచ్చిన నివేదిక ఆ మార్గాన్నే సూచించింది. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. మన ఊళ్ల సొసైటీల మూలం అదే.

తూర్పుమెట్ట:
మీరిద్దరూ అప్పు దగ్గరే ఆగిపోయారని మనవి. లేవీయకాండము 25వ అధ్యాయం 15, 16 వచనాలలో పొలం ధరను సునాదం వరకు మిగిలిన పంటల లెక్కన కట్టమని ఉంది. ఏళ్లు ఎక్కువుంటే ధర ఎక్కువ, తక్కువుంటే తక్కువ, ఎందుకంటే అమ్ముతున్నది పంటల సంఖ్యనే. దీన్ని మన ఊళ్లో కౌలు అంటాం. ఆ అధ్యాయాన్ని మాఫీకి సాక్ష్యంగా తెచ్చేవారికి కౌలురైతు కనపడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే పంట రుణం పట్టాదారు పేరున ఉన్నచోట మాఫీ కూడా ఆయనకే చేరుతుంది, దున్నినవాడికి వడ్డీవ్యాపారి బాకీ మిగులుతుంది.

తిరగలిని తాకట్టు పట్టడమంటే మనిషి బతుకునే తాకట్టు పట్టడమని ద్వితీయోపదేశకాండము 24:6 చెబుతుంది. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కూడా రైతు జీవనానికి అవసరమైన పనిముట్లను, పశువులను, విత్తనాలను జప్తు నుంచి మినహాయిస్తుంది. కానీ కౌలురైతు బాకీ కోర్టుదాకా వస్తే గదా ఆ సెక్షన్ కాపాడేది! పంట కల్లంలో ఉండగానే అప్పిచ్చినవాడు లెక్క చూసుకుంటాడు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కౌలురైతుల కోసం చేసిన 2011 చట్టం గ్రామస్థాయి విచారణతో కౌలురైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వవచ్చన్నది. దాని స్థానంలో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన 2019 చట్టం, పదకొండు నెలలు చెల్లే కార్డుకు యజమాని సంతకాన్ని తప్పనిసరి చేసింది. భూమి హక్కుకు భంగం లేదని చట్టమే చెప్పినా, సంతకానికి వెనుకాడే యజమానులు ఎందరో ఉన్నారు. సాగు చేస్తున్నది ఎవరో ఊరంతటికీ తెలుసు కాబట్టి, ఆ ఊరి సాక్ష్యాన్నే చట్టం ఆధారం చేసుకోవాలి. రైఫైజన్ సంఘానికి బలం కూడా పొరుగువారి ఎరుకే కదా, నల్లరేగడి గారూ.

గోదారిగట్టు:
కౌలురైతును నేను లెక్కలోకి తీసుకోలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే కార్డు రాబోయే పంటకు పనికొస్తుంది గాని, ఇప్పటికే పెరిగిన వడ్డీబాకీ మాటేమిటి? 1938 మద్రాసు రైతు రుణ విమోచన చట్టం, అసలుకు రెట్టింపు చెల్లించిన రైతు బాకీ పూర్తిగా తీరినట్లేనన్నది. ప్రభుత్వ ఖజానాతో పనిలేని ఆ నియమాన్ని కౌలురైతుకు వర్తింపజేయడానికి మీకు అభ్యంతరమేమైనా ఉందా, తూర్పుమెట్ట గారూ?