టూసాన్‌లో రెండు రోజులు: శాకాహారి అమ్మకు, మాంసాహారి నాన్నకు ఏమి తినిపించాలి?

చాండ్లర్_అనంత
మా అమ్మానాన్నలు అనంతపురం నుంచి వచ్చారు. జూన్ చివరి వారంలో వారిని రెండు రోజులు అరిజోనాలోని టూసాన్‌కు తీసుకువెళ్తున్నాను. ఇడ్లీ, దోసె దొరికే చోట్లు నేను అడగడం లేదు, అవి మేముండే చాండ్లర్‌లోనే కావలసినన్ని ఉన్నాయి. అమెరికాలో యునెస్కో మొట్టమొదట, 2015 డిసెంబరులో, ఆహార నగరంగా గుర్తించిన ఊరు కనుక ఆ ఊరి తిండినే రుచి చూపించాలని నా కోరిక. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. నాన్న కోడి, మేక తింటారు కానీ గొడ్డుమాంసం, పందిమాంసం తినరు. ఎండ 40 డిగ్రీలు దాటే మధ్యాహ్నాలు ఎక్కడ కూర్చోవాలో, శనివారం ఒంటిపూట ఉండే అమ్మ సాయంత్రం ఏమి తినగలదో, ఊరికి తీసుకువెళ్లడానికి ఏమి కొనాలో కూడా చెప్పగలరు.

టూసాన్_పాతకాపు
పంతొమ్మిదేళ్లుగా ఈ ఊరిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, రాసుకోండి. దక్షిణ టూసాన్‌కు వెళ్లండి. నలువైపులా టూసాన్ చుట్టుముట్టి ఉన్నా, అది చదరపు మైలుకు కాస్త మించిన విస్తీర్ణంతో తన పాలన తానే చేసుకునే వేరే ఊరు. అక్కడ "మీ నిదీతో" అనే భోజనశాలలో 1999లో అధ్యక్షుడు క్లింటన్ తిన్న వంటకాలన్నీ ఇప్పటికీ ఒకే పళ్లెంలో వడ్డిస్తారు. తరువాత ఎల్ గ్వెరో కనెలోలో సొనోరా (సరిహద్దు అవతలి మెక్సికో రాష్ట్రం) హాట్ డాగ్ తినండి. పందిమాంసపు పట్టీ చుట్టి కాల్చిన సాసేజిని మెత్తటి బొలీయో రొట్టెలో పెట్టి, పింటో చిక్కుళ్లు, ఉల్లిపాయ, టమాటా, మయొనేజ్, ఆవాల ముద్ద, మిరప పచ్చడి పైన వేస్తారు. బండిగా మొదలైన ఆ దుకాణానికి 2018లో, దేశంలోని మేటి వంటవాళ్లకు, భోజనశాలలకు ఇచ్చే జేమ్స్ బియర్డ్ సంస్థ పురస్కారం వచ్చింది. దానిని తినకుండా తిరిగి వస్తే టూసాన్ చూసినట్టే కాదు.

చాండ్లర్_అనంత
అయ్యా, నాన్న పందిమాంసం తినరని మొదటే రాశాను.

టూసాన్_పాతకాపు
పందిమాంసపు పట్టీ తీసేయమనండి.

కేమెల్‌బ్యాక్_నీడ
పట్టీ తీసేస్తే మిగిలేది చాలాచోట్ల గొడ్డుమాంసపు సాసేజే. పాతకాపు గారు ప్రశ్న చదివి జవాబిస్తే బాగుంటుంది. ఇక అసలు సంగతి, చిమిచాంగా (గోధుమ రొట్టెలో కూర చుట్టిన బురీతోను నూనెలో వేయించినది) కోసం ఫీనిక్స్ వదిలి టూసాన్ దాకా రెండు గంటలు కారు నడపవలసిన పని లేదు. దానిని కనిపెట్టింది మా ఊరి మకాయోస్ భోజనశాల వారు.

టూసాన్_పాతకాపు
ఇక్కడ చిమిచాంగా మాట ఎవరూ ఎత్తలేదు, మీరే ఎత్తారు కనుక వినండి. 1922లో మోనికా ఫ్లిన్ అనే ఆవిడ టూసాన్‌లో ఎల్ చారో భోజనశాల పెట్టారు. ఒకనాడు ఆవిడ చేతిలోని బురీతో కాగే నూనెలో జారిపడిందట. నోటికి వచ్చిన తిట్టును పక్కనే పిల్లలు ఉండటంతో మధ్యలోనే మింగి, అర్థం లేని మాటగా తిప్పేశారట. ఆ మాటే చిమిచాంగా. మీ మకాయోస్ వారు చెప్పుకునే సంవత్సరం 1946. లెక్క చేసుకోండి.

కేమెల్‌బ్యాక్_నీడ
కథ ఎంత బాగుందో రుజువు అంత తక్కువ. నూనెలో వేసిన చుట్ట ఎక్కడైనా నూనెలో వేసిన చుట్టే. సరిహద్దుకు అవతల సొనోరా వంటిళ్లలో ఏ అమ్మమ్మో అంతకుముందే వేయించి ఉండదా?

పప్పూ_చారూ
చిమిచాంగా పుట్టుక ఎవరికి కావాలి? ఆ తల్లికి కావలసిన హెచ్చరిక ఎవరూ చెప్పడం లేదు. టూసాన్‌కు వచ్చిన మొదటి ఆరు నెలలూ నేను ఒకే భోజనశాలలో చిక్కుడు ముద్ద, పెద్ద గోధుమ రొట్టె హాయిగా తిన్నాను. ఇందులో మాంసం ఉందా అని ప్రతిసారీ అడిగేదానిని, లేదనేవారు. ఒకరోజు వంటామె "మాంతేకా" వేస్తామంటే వెన్న అనుకొని మురిసిపోయాను. మాంతేకా అంటే పందికొవ్వు, వెన్నను మాంతెకీయా అంటారు. ఆరు నెలలు! ఆ రాత్రి నేను ఏడ్చిన ఏడుపు మా ఇంటాయనకే తెలుసు. చెప్పకుండా పెట్టడం మోసమని ఇప్పటికీ అంటాను.

టూసాన్_పాతకాపు
అమ్మా, అది మోసం కాదు. సొనోరా వంటలో పందికొవ్వు అంటే మనకు పోపు నూనె లాంటిది. మన ఇంట్లో చారుకు ఇంగువ వేశామని ఎవరికైనా చెప్పి వడ్డిస్తామా?

పప్పూ_చారూ
ఇంగువకు, పందికొవ్వుకు పోలిక పెట్టిన మీ తెలివికి నమస్కారం.

రాగి_ముద్ద
తెలియక తిన్నదానికి దోషం లేదని మన పెద్దలే అన్నారు. దీనికి ఇంత రభస ఎందుకు?

పప్పూ_చారూ
దోషం సంగతి నేనెత్తలేదు. నా నోట్లోకి ఏమి వెళ్తోందో నాకు తెలియాలన్నాను. మీరు ముద్ద తిని హాయిగా పడుకోండి.

గరిటె_పట్టినవాడు
ఈ రాష్ట్రంలోనే పదకొండేళ్లు భోజనశాలల వంటిళ్లలో పనిచేశాను కనుక ఇద్దరూ కాస్త ఆగి వినండి. గోధుమ తొర్తీయాలో (రొట్టెలో) పందికొవ్వు గాని వనస్పతి గాని పడుతుంది, ఏది వాడారో తయారుచేసినవారిని అడగడం తప్ప దారి లేదు. మొక్కజొన్న తొర్తీయా వేరు. మొక్కజొన్న గింజలను సున్నపు నీటిలో ఉడికించి నానబెట్టి, కడిగి, రుబ్బి తడతారు కనుక అందులో మామూలుగా కొవ్వు ఉండదు. నలిపి వేయించిన చిక్కుడు ముద్దలో కొవ్వు ఉంటుందనే అనుకోండి. కుండలో ఉడికించిన గింజల చిక్కుళ్లు కొంత నయం, అయినా అందులో పందిమాంసపు ముక్క పడిందేమో అడగాలి. ఎర్రన్నం చూడడానికి అమాయకంగా ఉంటుంది, చాలాచోట్ల దానిని కోడి ఉడికించిన నీటితో వండుతారు. వేసవిలో వచ్చే పచ్చి మొక్కజొన్న తమాలేలో (పిండిని పొత్తి ఆకులో చుట్టి ఆవిరికి ఉడికించేది) మాంసం లేకపోయినా పిండిలో కొవ్వు కలుస్తుంది. అంటే "మాంసం ఉందా" అన్నది తప్పు ప్రశ్న. "మాంతేకా ఉందా, కోడి నీళ్లు పోశారా" అని రెండు వేర్వేరు ప్రశ్నలు అడగండి.

పప్పూ_చారూ
ఈ ముక్క నాకు ఆనాడే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అనంత గారూ, అమ్మగారిని తుమెరికోకు తీసుకువెళ్లండి. మెక్సికో వంటలే, మాంసం మాత్రం లేకుండా చేస్తారు. నాగజెముడు మట్టలతో చేసే నోపాలెస్ కూర ఎక్కడ దొరికినా తినిపించండి. బెండకాయ జిగురు భరించేవారికి అది కొత్తగా అనిపించదు.

సీమ_ఉలవ
అసలు టూసాన్ అంటే మెక్సికో వంట మాత్రమేనా? నాలుగు వేల ఏళ్లకు పైగా సాగు జరుగుతున్న నేల అది. అనంతపురం వాళ్లకు మొదట చూపించవలసింది అక్కడి ఆదివాసులైన తోహోనో ఓధామ్ జనం పండించే తెపరి చిక్కుళ్లు. వాళ్ల భాషలో వాటిని బావి అంటారు. వేసవి వానలు పడగానే విత్తుతారు, ఆ కొద్ది తడితోనే కాపుకు వస్తుంది, నీరు ఎక్కువైతే ఆకు పెరుగుతుందే కాని కాయ కాయదు. ఈ మాట వినగానే మా నాన్న "ఇది ఉలవ కదరా" అన్నారు. సాన్ హవియేర్ సహకార వ్యవసాయ క్షేత్రంలో తెల్లవి, గోధుమ రంగువి రెండూ అమ్ముతారు. రాత్రంతా నానబెట్టినా మామూలు గిన్నెలో గంటల తరబడి ఉడకాలి. కుక్కర్ ఉన్న ఇంటికి మాత్రం అది సమస్యే కాదు. గోధుమ రంగు గింజలు ఉడికించిన నీటితో మా ఆవిడ చారు కాచింది. ఉలవచారు అని చెబితే ఎవరూ అనుమానించలేదు, వెన్న వేసుకుని తిన్నారు. ఊరికి తీసుకువెళ్లడానికి ఏమి కొనాలన్న ప్రశ్నకు నా జవాబు ఇదే, కాకపోతే మొలకెత్తే గింజల విషయంలో విమానాశ్రయం నియమాలు ముందే చూసుకోండి.

రాగి_ముద్ద
ఉలవచారుకు ఉలవే కావాలి. మిగిలినవన్నీ వేషాలు.

సీమ_ఉలవ
ఒక కిలో పంపిస్తాను, తిన్నాక మాట్లాడండి.

గుంటూరు_ఘాటు
మిరపకాయ గురించి ఒక్కరూ రాయలేదు! చిల్తెపిన్ అని మిరియం గింజంత ఉండే అడవి మిరప అక్కడ దొరుకుతుంది. సొనోరా కొండల్లో చేతితో ఏరుతారు. పిట్టలకు కారం తెలియదు కనుక గింజలను చల్లేది అవే. గుంటూరు వాడిని కదా, ఇదెంత అని నాలుగు ఒకేసారి నమిలాను. రెండు నిమిషాలు చెవులు పనిచేయలేదు. విచిత్రం ఏమిటంటే మూడో నిమిషానికి ఏమీ జరగనట్టు పోయింది. మన మిరప ఘాటు నిలుస్తుంది, అది మెరిసి మాయమవుతుంది. అయినా రుచిలో మాదే పైచేయి.

కేమెల్‌బ్యాక్_నీడ
మీదీ ఈ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వాళ్లు తెచ్చిన మొక్క సంతానమే. పైచేయి కాదు, మనవడి చేయి.

గుంటూరు_ఘాటు
మనవడు తాతను మించకూడదని ఎక్కడ రాసి ఉంది?

కంపచెట్ల_కథ
అమ్మానాన్నలు అనంతపురం వాళ్లన్నారు కనుక ఒక మాట. టూసాన్ వీధుల వెంట ఉండే మెస్కీట్ చెట్లు మన ఊళ్ల సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టాలు, జమ్మికి కూడా చుట్టమే. మన దగ్గర దాని కాయలు మేకలకు, బొగ్గు ఆడవాళ్ల వంటకు. అక్కడ పండిన కాయలను పిండి పట్టించి రొట్టెల్లో, బిస్కట్లలో కలుపుతారు. కాస్త బెల్లం వాసనతో తియ్యగా ఉంటుంది. వానలు మొదలయ్యాక ఏరిన కాయలకు బూజు పట్టి విషం చేరే ప్రమాదం ఉంది కనుక వానలకు ముందే ఏరుకోవాలని అక్కడివాళ్లు పదేపదే చెబుతారు. మీరు వెళ్లే జూన్ చివరే సవారో జెముడు పండ్ల కాలం. ఓధామ్ వాళ్లు పొడవైన కర్రలతో వాటిని రాల్చి పాకం కాస్తారు. ఆ చెట్టు రక్షిత జాతి కనుక మీరు మాత్రం రాల్చకండి, దొరికితే పాకం కొనండి. నాగజెముడు పండ్లకు ఆగస్టు దాకా ఆగాలి. చిన్నప్పుడు బండకు రుద్ది నూగుముళ్లు పోగొట్టి తిన్నవారికి అక్కడ వాటి రసాన్ని గాజు గ్లాసులో డాలర్లకు అమ్ముతుంటే నవ్వు వస్తుంది.

గరిటె_పట్టినవాడు
మధ్యాహ్నపు ఎండ ప్రశ్న మిగిలిపోయింది. రాస్పాదో దుకాణంలో కూర్చోండి. తురిమిన ఐసు మీద పండ్ల ముక్కలు, రసం పోస్తారు. మామిడి దానికి పుల్లటి, కారం పండ్ల పచ్చడి చమోయ్ వేయించుకుంటే ఉప్పూ కారం అద్దుకున్న మామిడికాయ గుర్తుకు వస్తుంది. ఉదయం అయితే బారియో బ్రెడ్‌లో సొనోరా తెల్ల గోధుమ రొట్టె కొనండి. ఆ బేకరీ యజమాని డాన్ గెర్రాకు 2022లో దేశంలోనే ఉత్తమ బేకర్‌గా జేమ్స్ బియర్డ్ పురస్కారం వచ్చింది.

చాండ్లర్_అనంత
వెళ్లి వచ్చాము, అందరికీ కృతజ్ఞతలు. అక్కడి పాతకాలపు పంటల తోట మిషన్ గార్డెన్ చూడడానికి ఉదయాన్నే వెళ్లడం మంచిదైంది. తుమెరికోలో అమ్మ కడుపునిండా తిన్నది, నోపాలెస్ మాత్రం రెండో ముద్దకే పక్కన పెట్టింది. శనివారం సాయంత్రం మామిడి రాస్పాదోతో సరిపెట్టుకుంది. చమోయ్ మొదట నాలుకకు రాసి చూసి, తరువాత గిన్నె నాకే ఇవ్వలేదు. నాన్నకు మెస్కీట్ బొగ్గు మీద కాల్చిన కోడి దొరికింది, పొగ వాసన పట్టిన ముక్కను చూసి "సర్కారు తుమ్మ బొగ్గే" అని ఖాయం చేశారు. రోడ్డు పక్క రాలిన కాయ నోట్లో పెట్టుకోబోతే ఆపాను, "మేకలు తింటే చచ్చాయా" అని ఇప్పటికీ వాదిస్తున్నారు. తెపరి గింజలు రెండు కిలోలు తెచ్చాము. నిన్న అమ్మ చారు కాచింది.

రాగి_ముద్ద
ఉలవచారులా ఉందా, లేదా? సూటిగా చెప్పండి.

చాండ్లర్_అనంత
అమ్మ లేదంది, నాన్న ఉందన్నారు. రెండు రోజులుగా ఇంట్లో అదే గొడవ.

టూసాన్_పాతకాపు
హాట్ డాగ్ తిన్నారా, లేదా?