డాల్మేషియనా, జర్మన్ పాయింటరా? ఎలా తేల్చుకోవాలి?

చుక్కలమ్మ:
దిక్కులేని కుక్కల్ని చూసుకునే వాళ్ల దగ్గర నుంచి ఒక ఆడకుక్కని తెచ్చుకుందామనుకుంటున్నాం. వాళ్ల కాగితంలో డాల్మేషియన్ అని రాసుంది, ఫొటో చూసిన వాళ్లేమో జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ అంటున్నారు. తెల్లటి ఒంటి మీద బ్రౌన్ చుక్కలు, ముక్కు కూడా బ్రౌనే. తల, చెవులు దాదాపు మొత్తం బ్రౌన్, వీపు మీద అరచేయంత మచ్చ ఒకటి. ఏ జాతైనా మాకు పర్లేదు, కానీ తిండి విషయంలో తేడా ఉంటుందని ఎవరో అన్నారు, అందుకే టెన్షన్.

తోకచుక్క:
తల మొత్తం బ్రౌన్ అంటున్నారంటే నా ఓటు పాయింటర్‌కే. బ్రౌన్ చుక్కల డాల్మేషియన్లు కూడా ఉంటాయి, వాటి ముక్కూ బ్రౌనే, కాబట్టి రంగును బట్టి ఏమీ తేలదు. చుక్క అంచు చూడండి. డాల్మేషియన్‌కి చుక్కలు గుండ్రంగా, దేనికది విడిగా, సుమారు రెండు మూడు సెంటీమీటర్లు ఉంటాయి. పాయింటర్‌కి సన్నగా చిలకరించినట్టు ఉంటాయి, తెల్ల వెంట్రుకలూ బ్రౌన్ వెంట్రుకలూ కలగలిసిపోయి చాలాచోట్ల చుక్క ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో చెప్పలేం. భుజం దగ్గర వెలుతురులో దగ్గరగా చూస్తే తెలిసిపోతుంది.

పాతకాపు:
పై మాట నిజమే కానీ ఆ మచ్చను చూసి మాత్రం డాల్మేషియన్ కాదనెయ్యకండి. డాల్మేషియన్ పిల్లలు చుక్కల్లేకుండా తెల్లగా పుడతాయి, రెండో వారం ప్రాంతంలో చుక్కలు కనపడటం మొదలవుతుంది. కొన్నిటికి మాత్రం పుట్టుకతోనే పెద్ద మచ్చ వస్తుంది, ఎక్కువగా చెవి మీదో కంటి చుట్టూనో. డాగ్ షోల్లో దాన్ని తప్పు కింద లెక్కేస్తారు, అంతమాత్రాన కుక్క వేరే జాతి అయిపోదు. తోక ఎలా ఉంది? పాయింటర్ల తోకని చాలాచోట్ల సగానికి కత్తిరించేవాళ్లు, ఇప్పుడు కొన్ని దేశాల్లో అది నిషేధం. డాల్మేషియన్‌కి ఆ అలవాటు లేదు.

చుక్కలమ్మ:
తోక పొట్టిగానే ఉందండీ. ఏదైనా వాసన తగిలితే ముందు కాలు ఎత్తి అలాగే బిగుసుకుపోతుందట.

పాతకాపు:
కాలు ఎత్తడం ఊరకుక్కలు కూడా చేస్తాయి, దాన్ని సాక్ష్యంగా తీసుకోను. ఆ తల, ఆ తోక రెండూ కలిపి చూస్తే మాత్రం నేనూ పాయింటర్ అనే అంటాను, లేదా పాయింటర్ ఎక్కువగా కలిసిన క్రాస్.

నీళ్లగిన్నె:
తిండి సంగతి ఎవరూ చెప్పలేదు, అసలు తేడా అక్కడే ఉంది. మామూలు డాల్మేషియన్లకి ఒక జన్యులోపం వల్ల మూత్రంలో యూరిక్ యాసిడ్ చాలా ఎక్కువగా పోతుంది, దాంతో మూత్రాశయంలో రాళ్లు పడొచ్చు, మగవాటికి అడ్డుపడి ప్రాణం మీదకి కూడా వస్తుంది. అందుకే వాటికి లివర్ లాంటివి పెట్టరు, నీళ్లు బాగా తాగించాలి. తమాషా ఏంటంటే, 1973లో అమెరికాలో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త ఆ లోపం లేని జన్యువు కోసం డాల్మేషియన్‌ని పాయింటర్‌తోనే, అంటే ఇంగ్లిష్ పాయింటర్‌తో, కలిపాడు. ఆ వంశం కుక్కల్ని, అక్కడ కుక్కల జాతుల్ని నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ డాల్మేషియన్లుగా ఒప్పుకునేసరికి 2011 వచ్చింది.

మీకు పనికొచ్చేది ఏంటంటే, ఆ జన్యువుకి డీఎన్ఏ టెస్ట్ ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే ఆ జన్యువు కాపీలు రెండిట్లోనూ లోపం ఉంటే అది డాల్మేషియన్ అయ్యే అవకాశం ఎక్కువ, జాతి ఏదైనా తిండి జాగ్రత్త మాత్రం తప్పదు. ఒక్కదాంట్లోనే ఉంటే క్రాస్ అయ్యుండొచ్చు, రాళ్ల భయం అంతగా ఉండదు. అసలు లేకపోతే, ఆ షైబుల్ వంశంది అయితే తప్ప, డాల్మేషియన్ అనుకోవడం కష్టం. వినికిడి పరీక్ష కూడా చేయించండి, డాల్మేషియన్లలో చెవుడు ఎక్కువ, ఒక్క చెవే వినపడకపోతే ఇంట్లో వాళ్లకి అసలు తెలియదు.

చుక్కలమ్మ:
ఆ టెస్ట్ డాక్టర్‌ని అడిగి చేయిస్తాం. రిజల్ట్ వచ్చేదాకా లివర్ పెట్టం.