బ్యాండ్‌విడ్త్‌ని ‘వేగం’ అనొచ్చా?

నుడిమూట: కంప్యూటర్ నెట్‌వర్కుల గురించి పిల్లలకు తెలుగులో పరిచయ పాఠాలు తయారవుతున్నాయి. కనెక్షన్ సెకనుకు ఎంత డేటా మోయగలదో చెప్పే ‘బ్యాండ్‌విడ్త్’ దగ్గర పేచీ వచ్చింది. ‘పట్టీ వెడల్పు’ అంటే ఎవరికీ ఎక్కదని, ‘వేగం’ అంటే తప్పని రెండు వాదనలు. ప్రస్తుతానికి వాక్యం ఇలా ఉంది: “ఈ కనెక్షన్ వేగం 100 ఎంబీ.” సరిచేయగలరా?

తీగబాట: వేగం సంగతి తర్వాత చూద్దామండీ, ముందు ‘ఎంబీ’ని తీసేయండి. ఇంగ్లీషులో పెద్ద బి రాస్తే బైటు, చిన్న బి రాస్తే బిట్టు. మన లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు కాబట్టి ‘ఎంబీ’ అని రాయగానే ఆ తేడా పోతుంది. ఉన్న తేడా ఎనిమిదింతలు: డేటాలో అతి చిన్న ముక్క బిట్టు, ఎనిమిది బిట్లు ఒక బైటు. కనెక్షన్ అమ్మేవాళ్లు చెప్పేది సెకనుకు 100 మెగాబిట్లు (మెగా అంటే పది లక్షలు). డౌన్‌లోడ్ కిటికీలో కనబడేది మెగాబైట్లు, అంటే 12.5. ‘100 అని చెప్పి 12 ఇస్తున్నారు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. తెలుగులో రాసేటప్పుడు మెగాబిట్లు, మెగాబైట్లు అని పూర్తిగా రాయడం తప్ప దారి లేదు.

ఆ 12.5 కూడా పూర్తిగా చేతికి రాదు. కంప్యూటర్‌నీ రూటర్‌నీ కలిపే వైరు పద్ధతి ఈథర్‌నెట్‌లో డేటా ఫ్రేములనే పెట్టెలుగా పోతుంది, ఒక్కో ఫ్రేములో 1,500 బైట్లు పడతాయి. అందులో 40 బైట్లు ఐపీ, టీసీపీ అనే ఇంటర్నెట్ నియమాలు కోరే చిరునామాలకీ లెక్కలకీ పోతాయి. ఫ్రేము తల, తోక, ముందు వచ్చే గుర్తు, రెండు ఫ్రేముల మధ్య ఖాళీ కలిపి మరో 38. వైరు మీద 1,538 బైట్ల చోటు పట్టిన ఫ్రేములో మన ఫైలుది 1,460 మాత్రమే. అందుకే 100 మెగాబిట్ల వైరు మీద స్పీడ్ టెస్టు 94, 95 దగ్గర ఆగుతుంది. అది లోపం కాదు.

నుడిమూట: అయితే “సెకనుకు 100 మెగాబిట్ల వేగం” అంటే సరిపోతుందా?

డెల్టావాసి: వేగం మాట వద్దంటాను. మనకి క్యూసెక్కులు, టీఎంసీలు ఊరూరా తెలుసు. కాలువలో సెకనుకు ఎంత నీరు వెళ్తోందో క్యూసెక్కులు, మొత్తం ఎంత నీరో టీఎంసీలు. 11,574 క్యూసెక్కులు రోజంతా వదిలితే ఒక టీఎంసీ. బ్యాండ్‌విడ్త్ క్యూసెక్కుల్లాంటిది, గిగాబైట్లు (వెయ్యేసి మెగాబైట్లు) టీఎంసీల్లాంటివి. సెకనుకు 100 మెగాబిట్లు రోజంతా నడిస్తే 1,080 గిగాబైట్లు. ఇక లాకులు ఎత్తాక చివరి ఆయకట్టుకి నీరు చేరడానికి పట్టే సమయం వేరే లెక్క, అదే లేటెన్సీ. ఈ మూడింటినీ ‘స్పీడ్’ అనే ఒక్క మాటలో కలిపేస్తున్నాం.

తీగబాట: బాగుంది, అయితే ఒకచోట పొసగదు. కాలువలో ఎక్కువ నీరు వదిలితే ప్రవాహం జోరు కూడా పెరుగుతుంది. ఫైబర్‌లో, అంటే కాంతితో డేటా పంపే గాజు తీగలో, అలా జరగదు. పది మెగాబిట్ల ప్లానైనా, వెయ్యి మెగాబిట్ల ప్లానైనా కాంతి గాజులో సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది. హైదరాబాద్ నుంచి డాలస్‌కి భూగోళం మీద అతి దగ్గర దారి సుమారు 14,400 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి 144 మిల్లీసెకన్లు తప్పవు. కేబుళ్లు అంత సూటిగా పోవు కాబట్టి 200 దాటడం మామూలే. అక్కడి పిల్లలతో వీడియో కాల్లో మాట ఆలస్యంగా వస్తోందని ప్లాన్ పెంచుకుంటే ఈ భాగం ఒక్క మిల్లీసెకను కూడా తగ్గదు.

పాతమోడెం: అసలు అర్థాన్ని మరిచిపోవద్దు. బ్యాండ్‌విడ్త్ అంటే పౌనఃపున్యాల (సంకేతం సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్కల) పట్టీ వెడల్పు, కొలత హెర్ట్జ్. పాత టెలిఫోన్ లైను 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు మోసేది, అంటే 3,100 హెర్ట్జ్. 1948లో షానన్ అనే గణిత శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రంలో ఈ వెడల్పునీ, రొద కన్నా సంకేతం ఎన్ని రెట్లు బలంగా ఉందో ఆ నిష్పత్తినీ పెడితే సెకనుకు గరిష్ఠంగా ఎన్ని బిట్లో వస్తుంది. నిష్పత్తి వెయ్యి రెట్లయితే సుమారు 31,000 బిట్లు. వెడల్పు కారణం, బిట్ల రేటు ఫలితం. రెండింటికీ ఒకే మాట పెడితే ఈ సూత్రం చెప్పడానికి మాటలుండవు.

ఇది పాత ముచ్చటేమీ కాదు. ఇంట్లో వైఫై రూటర్ సెట్టింగుల్లో 20, 40, 80 మెగాహెర్ట్జ్ అని కనబడేది ఈ వెడల్పే. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. అపార్టుమెంటులో అక్కడ 40 పెడితే పక్క ఫ్లాట్ల రూటర్లతో తగువే. 20 దగ్గర ఉంచడం మేలు.

నుడిమూట: అంటే హెర్ట్జ్‌లో చెప్పేటప్పుడు పట్టీ వెడల్పు, బిట్లలో చెప్పేటప్పుడు ప్రసార సామర్థ్యం. లేటెన్సీకి ‘జాప్యం’ రాసేద్దామా?

అచ్చుహల్లు: జాప్యంలో నింద ఉంది. ‘ఫైలు కదలడంలో జాప్యం’ అంటే ఎవరో చేయాల్సిన పని చేయలేదని. డాలస్ దాకా కాంతి పోవడానికి పట్టేది ప్రయాణ సమయం, అందులో ఎవరి తప్పూ లేదు. మొత్తానికి ‘ఆలస్యం’ అని, దాని భాగాలకి విడివిడిగా మాటలు పెడితే పాఠం చక్కగా నడుస్తుంది.

తీగబాట: భాగాలు నాలుగు. ప్యాకెట్‌ని (ఫ్రేములో పెట్టి పంపే డేటా మూటని) వైరు మీదకి ఎక్కించే సమయం, ప్రయాణ సమయం, వరుసలో ఆగే సమయం, దారిలో ప్రతి రూటరూ చిరునామా చూసి పంపే సమయం. చివరిది సాధారణంగా చాలా చిన్నది, వదిలేయొచ్చు. ఎక్కించే సమయం ఒక్కటే నేరుగా సామర్థ్యం మీద ఆధారపడుతుంది. 1,500 బైట్లంటే 12,000 బిట్లు. సెకనుకు 1 మెగాబిట్ లైనులో 12 మిల్లీసెకన్లు, 100 మెగాబిట్లలో 0.12.

‘జాప్యం’ అనే నింద నిజంగా చెల్లేది వరుసకి. అప్‌లోడ్ సెకనుకు 10 మెగాబిట్లు, మోడెంలో 1 మెగాబైటు బఫరు (ప్యాకెట్లు వరుసలో ఆగే చోటు) ఉందనుకోండి. ఫోన్ ఫొటోలన్నీ క్లౌడ్‌కి ఎక్కుతున్నప్పుడు ఆ బఫరు నిండితే, వెనక వచ్చిన ప్రతి ప్యాకెట్టూ 800 మిల్లీసెకన్లు ఆగాలి. స్పీడ్ టెస్టు బాగానే ఉంటుంది, కాల్ మాత్రం ముక్కలవుతుంది. పట్టుకోవడం తేలిక. వైరు పెట్టి ముందు రూటర్‌కి పింగ్ కొట్టండి (చిన్న ప్యాకెట్ పంపి బదులు రావడానికి ఎంత పట్టిందో చూడటం), 1 మిల్లీసెకను లోపు రావాలి. తర్వాత బయటి సర్వర్‌కి కొట్టండి. అప్‌లోడ్ నడుస్తుండగా మళ్లీ కొట్టి ఎంత పెరిగిందో చూడండి. స్మార్ట్ క్యూ (వరుసను తనే చక్కబెట్టే పద్ధతి) ఉన్న రూటర్‌లో అప్‌లోడ్ పరిమితిని 9 మెగాబిట్లకి కట్టేస్తే బారు మోడెంలో పేరుకోదు.

డెల్టావాసి: త్రూపుట్‌కి ‘పారుదల’ అంటే? సామర్థ్యం కాలువది, పారుదల నిజంగా పారినది.

తీగబాట: నచ్చింది. రెండూ వేరని చూపే లెక్క ఒకటి. టీసీపీలో పాత పద్ధతి ప్రకారం, అందిందని కబురు రాకముందు 65,535 బైట్లకి మించి పంపకూడదు. వెళ్లిరావడానికి 200 మిల్లీసెకన్లయితే పారుదల సెకనుకు 2.6 మెగాబిట్లే, మీ సామర్థ్యం 100 అయినా సరే. వంద నిండాలంటే దారిలో ఎప్పుడూ 2.5 మెగాబైట్లు ఉండాలి. ఈ కాలపు సిస్టమ్‌లు ఆ హద్దును పెంచుకుంటాయి, అయినా సొంత బఫరు చిన్నగా పెట్టుకున్న ప్రోగ్రాములు ఇప్పటికీ ఇక్కడే ఇరుక్కుంటాయి. ఫైలును నాలుగైదు కనెక్షన్లుగా విడగొట్టి దించుకుంటే పారుదల పెరగడానికి కారణం ఇదే.

పాతమోడెం: ఇంకొకటి. గిగాబిట్ (సెకనుకు 1,000 మెగాబిట్ల) ప్లాన్ తీసుకున్నాక కూడా 94 దగ్గరే ఆగితే కంపెనీని తిట్టేముందు వైరు చూడండి. 100 మెగాబిట్లకి నాలుగు తీగలు చాలు, 1, 2, 3, 6 నంబర్లవి. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. మిగతా నాలుగింటిలో ఒక్క తీగ క్లిప్పులో సరిగా కూర్చోకపోయినా లింకు 100కి దిగిపోవచ్చు. కంప్యూటర్‌లో లింక్ స్పీడ్ 100 అని చూపిస్తే క్లిప్పు మళ్లీ కొట్టి చూడండి.

నుడిమూట: వాక్యం మార్చాను: “ఈ కనెక్షన్ ప్రసార సామర్థ్యం సెకనుకు 100 మెగాబిట్లు.”

అచ్చుహల్లు: ‘డౌన్‌లోడ్ ప్రసార సామర్థ్యం’ అనండి. చాలా ప్లాన్లలో అప్‌లోడ్ తక్కువే, దానికి విడిగా ఇంకో వాక్యం రాయండి.